కమ్మరి ఇవ్వని కొక్కేలు

ఏంటమ్మాయ్ ఆ చేతిలో? డ్రిల్లు మిషనా? గ్యారేజీలోకేనా మోసుకెళ్తున్నావ్? ఆగాగు, ముందు ఆ స్టూలు ఇలా లాగి నన్ను కూర్చోబెట్టు. పొద్దున్నించీ నడుం పట్టేసింది. ఏం చేశావని అడక్కు, ఈ వయసులో ఏం చెయ్యకపోయినా పట్టేస్తుంది. ఆఁ, ఇక్కడే, గుమ్మంలోనే. ఇక్కణ్ణించైతే నాకు లోపలంతా కనపడుతుంది. ఇప్పుడు చెప్పు. కొక్కేలు బిగిస్తావా? ప్రతి సైకిలుకీ ఒకటా? గోడకి వేలాడదీసేస్తే ఎవరి సైకిలు వాళ్ళు దించుకోవచ్చు, ఒకరిది ఇంకొకరు ముట్టుకోనక్కర్లేదు, అంతేగా? మీ అన్నయ్య నీ కొత్త సైకిలు మీద గీత పెట్టాడని ఈ ఏర్పాటంతా. తెలుసులే. మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదని నాకెవరూ చెప్పక్కర్లేదు. భోజనాల దగ్గర మంచినీళ్ళ జగ్గు కావాలంటే పక్కనున్న మనిషిని అడగకుండా నా మీదుగా చేతులు చాస్తుంటే ఆమాత్రం తెలీదూ. సరే, బిగిద్దువుగాని, నేనేం వద్దనట్లేదు. ఒక్కసారి ఆ అటక మీద చూడు, నిచ్చెన వెనకాల. గోనెసంచి ఉందా? కదిపి చూడు. బరువుందా? ఉంటుంది. దింపకు, అక్కడే ఉండనీ. అదేంటో చెప్తా కూర్చో.

నువ్వు అక్కయ్యని చూళ్ళేదు. మీ నాన్న చూశాడు, ఆవిడ చేతిలో మొట్టికాయలు తిన్నాడు కూడా. మా ఆయనకీ మీ తాతకీ ఇద్దరికీ అక్క ఆవిడ, అందరికన్నా పెద్దది. నాకు వదిన అవ్వాలి గానీ ఇంట్లో ఎవరైనా అక్కయ్య అనే పిలిచేవాళ్ళం. వీధిలోవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి గ్యారేజీ అక్కయ్య అనేవాళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. అప్పట్లో ఫోనెత్తి నెంబరు చెప్తే అవతల ఒక మనిషి కలిపేది, ఆ మనిషి అన్నమాట. పెళ్ళెందుకు చేసుకోలేదని నేను కొత్తలో అడిగితే, "రోజంతా అందరి కాపురాలూ వింటున్నానుగా, ఇంకా నాకొకటి కూడా ఎందుకు" అంది. నిజమో వేళాకోళమో ఆవిడతో తేలేది కాదు. గొంతు మాత్రం అద్భుతం. ఇంట్లో కూడా ఆ గొంతే. మా ఆయన కోపమొచ్చి ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడనుకో, ఈవిడ ఉల్లిపాయలు తరుక్కుంటూ తలెత్తకుండా, "దయచేసి లైన్లో ఉండండి" అనేది, మెల్లగా, మర్యాదగా. ఇంకేం అరుస్తాడు ఆయన. మొహం ముడుచుకుని కూర్చునేవాడు.

ఈ గ్యారేజీ మా మామగారు కట్టించారు. కారు కొంటానని ముందే షెడ్డు వేయించిన మనిషి ఆయన. కారు రాలేదు. కారు తప్ప అన్నీ వచ్చాయి ఇందులోకి. రంగుల డబ్బాలు, విరిగిన కుర్చీలు, ఆ నిచ్చెన, ఎవరిదో తెలీని ఒక తలుపు. ఆ తలుపు ఎవరిదని మా పెళ్ళైన కొత్తల్నించీ అడుగుతూనే ఉన్నా, ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. చూడు, ఇప్పటికీ ఉంది, నీ వెనకాలే. ఏం చెప్తున్నా, ఆఁ, సైకిళ్ళు. ఆ సామానంతా ఒక గోడకి పోగా రెండో గోడ సైకిళ్ళది. ఆరు సైకిళ్ళు. మా ఆయనది, మీ తాతది, అక్కయ్యది, నాది, మీ నానమ్మది, ఇంకొకటి మామగారిది, ఆయన పోయాక ఎవరూ ఎక్కరు, అలాగని ఎవరూ అమ్మనివ్వరు. అన్నీ ఇనుపవి, ఎత్తితే భుజాలు జారిపోయేవి. స్టాండు వేసి నిలబెడితే ఆరూ పట్టవు. అందుకని గోడకి ఒకటి, దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి, అలా వాల్చుకుంటూ రావాలి. అంటే చివర పెట్టింది ముందు బయటికొస్తుంది. అన్నిటికన్నా లోపలున్నది కావాలంటే మిగతా అయిదూ తియ్యాలి.

అందుకే సాయంత్రం అక్కయ్య ఇదిగో, ఇప్పుడు నేను కూర్చున్న ఈ గుమ్మంలోనే నిలబడి లెక్కలు తీసేది. "రేపు పొద్దున్న మీరు ఎన్నింటికి బయలుదేరుతారండీ?" అని ఆ ఎక్స్ఛేంజీ గొంతుతో ఒక్కొక్కర్నీ అడగడం, దాన్నిబట్టి సర్దడం. ముందెళ్ళేవాళ్ళది బయటికి, తర్వాత వెళ్ళేవాళ్ళది లోపలికి. ఆవిడకి డ్యూటీలు రోజుకో రకంగా ఉండేవి కాబట్టి రోజూ కొత్త వరసే. ఇంట్లో ఎవరెక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఆవిడకి తెలియాల్సిందే. మీ తాత ఒకసారి తను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకి సెలవుపెట్టి స్నేహితులతో షికారు వెళ్దామనుకుని అబద్ధం చెప్పలేక తన్నుకులాడాడు పాపం. నాకు సైకిలు నేర్పింది కూడా ఆవిడే. ఎన్నాళ్ళో ఎక్కనివ్వలేదు. పక్కన నడిపించుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి రా, అంతే. ఎందుకు అక్కయ్యా అంటే, "ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, అందరి మధ్యనించీ తగలకుండా నడిపించుకురావడం నేర్చుకో" అంది. అప్పుడు ఒళ్ళు మండిపోయింది నాకు.

అదిగో, మీ తాత గొడవకి రావాలి కదా. మా ఆయనా మీ తాతా ఒకే ప్రెస్సులో పనిచేసేవాళ్ళు. ఈయన ముందు చేరి పైకొచ్చాడు, తర్వాత తమ్ముణ్ణి చేర్పించాడు. పొద్దున్నే ఇద్దరూ పక్కపక్కన సైకిళ్ళ మీద, దారంతా వాదించుకుంటూ వెళ్ళేవాళ్ళు, సాయంత్రం అదే వాదన పట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు. అలాంటిది ప్రెస్సుకి పెద్ద మిషనొచ్చింది. దానికొక ఇన్‌చార్జి కావాలి. ఎవరైతే బావుంటుందని ఓనరు మా ఆయన్ని పిలిచి అడిగాడు. పని తెలిసినవాడు మీ తాతే. అందరూ మీ తాతకే వస్తుందనుకున్నారు. మీ నానమ్మ నాతో అనేసింది కూడా, "అక్కా, ఇంక మన కష్టాలు తీరినట్టే" అని. ఈ మహానుభావుడేమో వేరే ఎవరి పేరో చెప్పొచ్చాడు. ఎందుకయ్యా అంటే, "తమ్ముడికి ఇప్పించుకున్నాడని రేపు నలుగురూ అనరూ" అన్నాడు. నలుగురికోసం ఇంట్లో మనిషిని పోగొట్టుకోవడం చూడు. నేను అప్పుడే మొహం మీద చెప్పా, మీరు చేసింది తప్పు అని. ఇప్పటికీ అదే చెప్తా.

అంతే, అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం. ఒకే ఇల్లు, ఒకే ప్రెస్సు, మాట లేదు. ఈయన అరగంట ముందెళ్తాడు, ఆయన అరగంట ఆలస్యంగా వెళ్తాడు. మధ్యలో మేమిద్దరం, నేనూ మీ నానమ్మా, "ఆయన్ని కాస్త ఉప్పు ఇటివ్వమను" అంటే "ఇదిగో ఇచ్చారని చెప్పు" అంటూ నెలల తరబడి తపాలా మోశాం. నాకు చెల్లెళ్ళు లేరమ్మా. మీ నానమ్మ ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజునించీ నాకు చెల్లెలంటే అదే. దాని కాన్పులు నా చేతుల మీద జరిగాయి. మీ నాన్నకి మొదటి ముద్ద పెట్టింది నేను. మగాళ్ళు మాట్లాడుకోకపోతే వంటింట్లో మేం ఏడ్చేవాళ్ళం, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం.

ఒకరోజు ఈయన సైకిలు తీస్తుంటే మీ తాత సైకిలు గంటకి దెబ్బ తగిలి మూత ఊడి దొర్లిపోయింది. ఇంక చూడు. "వాడి బండి నేను ముట్టుకోను, నా బండి వాడు ముట్టుకోకూడదు. ప్రతి సైకిలుకీ గోడకి కొక్కెం కొట్టించు అక్కా, ఎవడిది వాడు దించుకుంటాడు" అన్నాడు ఈయన. లోపల్నించి మీ తాత, "అదే మంచిది" అన్నాడు. అన్ని నెలల్లో వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. అక్కయ్య ఏమంటుందో అని చూశాం మేమిద్దరం. ఆవిడ చక్కగా, "సరే, కొట్టిద్దాం" అంది. ఈ బరువుకి షాపులో దొరికేవి ఆగవని కమ్మరి దగ్గరికెళ్ళి గట్టి కొక్కేలకి చెప్పొచ్చింది, గోడ మీద సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టింది. అప్పుడు నాకనిపించింది, అయిపోయింది, ఆవిడే ఒప్పుకుందంటే ఇంక ఈ ఇల్లు అతకదు అని.

కమ్మరి కొక్కేలు ఇస్తేగా. వారం పోయింది, ఇంకో వారం పోయింది, లేదు. "ఇవ్వలేదర్రా, ఏం చెయ్యను" అంటుంది అక్కయ్య. ఈయన ప్రెస్సుకెళ్తూ దారిలో ఆగి కమ్మరిని నాలుగు తిట్లు తిట్టేవాడు. వెనకే అరగంటకి మీ తాత వెళ్ళి అవే తిట్లు. ఆ కమ్మరి ఒక నల్లటి పొడుగాటి మనిషి, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. "అయిపోతాయి బాబూ, ఇనుము రావాలి బాబూ" అని నేల చూపులు చూసేవాడు. మీ నానమ్మ వెళ్ళి అడిగింది. నేను కూడా ఒకరోజు నా సైకిలాపి, సిగ్గులేదా, ఆడమనిషి ఎన్నిసార్లు తిరుగుతుంది నీ చుట్టూ అని దులిపేశాను. "తప్పేనమ్మా" అన్నాడు. అంత మెత్తగా అంటే ఇంక తిట్టబుద్ధి కూడా కాదు.

ఈలోగా మీ తాత వంతెన అవతల ఒక ఇల్లు చూసుకున్నాడు. ఆదివారం పొద్దున్న వ్యాను మాట్లాడాడు. ముందురోజు మీ నానమ్మా నేనూ గిన్నెలు విడదీశాం. ఏది నాది, ఏది నీదని తెలిస్తే కదా. ఇది నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని, చివరికి ఒక్క పెనం దగ్గర ఇద్దరం కూలబడి ఏడ్చాం. ఇప్పుడు తలుచుకున్నా అంతే. అక్కయ్య మాత్రం సాయంత్రం యథాప్రకారం గుమ్మంలో నిలబడి, "రేపు పొద్దున్న మీరు ఎన్నింటికి బయలుదేరుతారండీ" అని తమ్ముణ్ణి అడిగింది. మీ తాత తలవంచుకుని చెప్పాడు. సరేనని లోపలికెళ్ళి సర్దుకుంది. మర్నాడు మాకెవరికీ కనపడకుండా పెందలాడే డ్యూటీకి పోయింది. ఎంత కోపమొచ్చిందనుకున్నావ్ నాకు ఆవిడ మీద. తమ్ముడు ఇల్లు వదిలి వెళ్తుంటే ఉండద్దూ మనిషి?

వ్యానొచ్చింది. బీరువా ఎక్కింది, మంచాలు ఎక్కాయి, గిన్నెలు ఎక్కాయి. మీ నాన్నని ముందు సీట్లో కూర్చోబెడితే వాడు హారను కొట్టుకుంటూ ఆనందపడుతున్నాడు, వాడికేం తెలుసు. ఇంక మీ తాత సైకిలే మిగిలింది. లోపలికెళ్ళాడు. ముందు పొయ్యేవాడిది కాబట్టి బయటికుండాలి కదా? లేదు. గోడకి ఆనించి అన్నిటికన్నా లోపల ఉంది. దాని మీద మా ఆయనది, ఆ పైన మిగతావి. అక్కయ్య కూడా మతిపోయి తప్పు సర్దిందనుకున్నాం. మీ తాత పైవన్నీ తీసి బయట పెట్టాడు. ఆ రెండూ మిగిలాయి. అవి రాలేదు. అన్నగారి పెడలు తమ్ముడి చక్రం పుల్లల్లోకి దూరిపోయింది, హ్యాండిలుకి బ్రేకు కడ్డీ మెలిపడింది. అలా ఇరుక్కుంటే ఒక్క మనిషి వల్ల కాదమ్మా. ఒకరు బండి ఎత్తి కాస్త ఇటు వంచి పట్టుకోవాలి, ఇంకొకరు వంగి పెడలు వెనక్కి తిప్పాలి. మీ తాత ఒక్కడే గుంజుతున్నాడు. వేలు చీరుకుంది. పిలవడు. చస్తే పిలవడు.

ఈయన వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పితే ఒట్టు. లోపల్నించి టింగు, టింగు మని పుల్లలు వంగుతున్న చప్పుడు. "నా పెడలు విరగ్గొడుతున్నాడు వాడు" అన్నాడు నాతో. వెళ్ళి చూసుకోండి మరి, మీ బండేగా, అన్నాను నేను. ఆ మాట పనికొచ్చింది. తమ్ముడికోసం అయితే లేవడు, పెడలు కోసం లేచాడు. వెళ్ళి ఇదిగో, ఇక్కడే నిలబడ్డాడు. నేనూ మీ నానమ్మా కిటికీ దగ్గరికి చేరాం. అప్పుడు మీ తాత, మొహం చూడకుండా, "ఎత్తు" అన్నాడు. ఈయన ఎత్తి పట్టుకున్నాడు. "ఇటు వంచు." వంచాడు. మీ తాత కింద కూర్చుని పెడలు తిప్పుతున్నాడు, రావట్లేదు. వేలినించి రక్తం. ఈయన బండి ఒక చేత్తో పట్టుకుని, జేబురుమాలు తీసి కిందికి పడేశాడు.

అప్పుడన్నాడమ్మా మీ తాత. గట్టిగా కూడా కాదు, ఆ చక్రంతో చెప్పుకున్నట్టు. "ఆ పని వాడికివ్వమని చెప్పావ్, సరే. నాకు ముందు నువ్వే చెప్పచ్చుగా అన్నయ్యా. రోజూ నీ పక్కనే వచ్చేవాణ్ణిగా. ప్రెస్సులో పదిమందీ నవ్వుతుంటే తెలుసుకున్నాను." ఈయన ఆ బరువు ఎత్తి పట్టుకునే ఉన్నాడు. తర్వాత, "చెప్పాల్సింది. భయమేసింది" అన్నాడు. మా ఆయన నోట భయం అనే మాట నేను విన్నది అదొక్కసారే. టక్కుమని పెడలు వచ్చేసింది. వచ్చినా ఈయన దింపడు, ఆయన లేవడు. బయట వ్యానువాడు విసుక్కుంటున్నాడు. మీ తాత వెళ్ళి సామాను దించమన్నాడు. "దించడానికి నేను ఒప్పుకోలేదండీ" అని వాడు అక్కడే ధర్నా. అన్నదమ్ములే దించుకున్నారు. అందులోనూ వాదనే, బీరువా ముందా మంచం ముందా అని. మీ నానమ్మ ఆ పెనం పట్టుకుని తిన్నగా మా వంటింట్లోకొచ్చి పొయ్యి మీద పెట్టింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే మళ్ళీ ఇద్దరం మొదలెడతాం.

మధ్యాహ్నం అక్కయ్య వచ్చింది. హాల్లో సగం సామాను, గ్యారేజీ ముందు బీరువా. చూసింది. ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు. "ఇలా అడ్డంగా బీరువా పెడితే నా సైకిలు ఎలా పోతుందర్రా" అని చిరాకు పడింది. అంతే. ఎక్కడా దొరకని మనిషమ్మా ఆవిడ.

ఆ కొక్కేలు ఇంక రాలేదు. నాలుగు రోజులకోసారి ఎవరో ఒకరు, ఆ కమ్మరి చూడు, ఇంకా ఇవ్వలేదు అనడం అలవాటైపోయింది మాకు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన సైకిళ్ళ మీద వెళ్తూ ఇద్దరూ కలిసి తిట్టేవాళ్ళు వాణ్ణి. ఏళ్ళు గడిచాయి. అక్కయ్య రిటైరైంది, తర్వాత ఒక శీతాకాలం జ్వరం తగిలి, పెద్దగా ఎవర్నీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయింది. ఆవిడ పోయాక సాయంత్రం ఎన్నింటికి బయలుదేరుతారని అడిగేవాళ్ళు లేక ఇంట్లో ఎవరికీ ఏం తోచేది కాదు. కొన్నాళ్ళకి గ్యారేజీ సర్దుదామని అన్నదమ్ములు అటకెక్కారు. ఇదిగో, ఆ సంచి దొరికింది. విప్పితే ఏముంది, కొక్కేలు. ఒక్కొక్కటీ తుప్పు పట్టకుండా నూనె రాసి, గుడ్డపేలికలో చుట్టి పెట్టింది. సైకిలుకొకటి. సంచి పట్టుకుని ఇద్దరూ కమ్మరి దగ్గరికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను, ఉండబట్టలేక. అప్పటికి కమ్మరి ముసలాడైపోయాడు. చూసి నవ్వాడు. "అడిగిన వారంలోనే ఇచ్చేశాను బాబూ. కాలేదని చెప్పు, ఎవరేమన్నా పడు అన్నారు అక్కగారు. ఇంతమంది అన్నేళ్ళు తిడతారనుకోలేదు నేను" అన్నాడు. మీ తాత పకపకా నవ్వడం మొదలెట్టాడు. మా ఆయన కూడా నవ్వి, నవ్వుతూనే ఆ కొలిమి అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడు పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉన్నాడు. ఇంటికొచ్చాక, బిగిద్దామా అన్నాడు మీ తాత. దేనికి అన్నాడు ఈయన. తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెట్టేశారు.

అందుకని చెప్తున్నా. నీ ఇష్టం, నీ కొక్కేలు నువ్వు కొనుక్కున్నావ్, బిగించుకో. లేదంటే అవి ఉన్నాయి, మంచి ఇనుము, ఇప్పటికీ చెక్కు చెదరవు. ఇప్పటి సైకిళ్ళు గాలికెగిరేట్టున్నాయి, వాటికి ఆ ఇనుం ఎక్కువే అనుకో. ఉండు, ఏంటా చప్పుడు? మీ అన్నయ్యేనా? ఎటునించి వచ్చాడు, ఆ వెనక గుమ్మంలోంచి దూరాడా. ఎక్కడికిరా బయలుదేరావ్? వినపడదు వాడికి, చెవుల్లో అవేవో పెట్టుకుంటాడు. గుంజుతున్నాడు చూడు, పిచ్చివాడు. వాడి పెడలు నీ చక్రంలో ఇరుక్కున్నట్టుంది. టింగుమంటోంది, వింటున్నావా? నీ కొత్త పుల్లలే అవి. నా మొహం చూస్తావేం, వాడొక్కడి వల్ల కాదు, ఇప్పటిదాకా చెప్పింది అదే కదా. ఆ మిషను కింద పెట్టి వెళ్ళు. నువ్వు ఎత్తి పట్టుకో, వాడు తిప్పుతాడు. నన్ను అడక్కు, నేనెందుకు పెడతాను అలాగ, ఈ వయసులో, పొద్దున్నే లేచి, అంత బరువు ఒక్కదాన్నీ ఎత్తి. వెళ్ళు వెళ్ళు. పనయ్యాక ఇద్దర్లో ఎవరో ఒకరు ఆ నొప్పుల మందు సీసా ఇలా పట్టుకురండి.